సైకిలులో సగము బాట

ఆదిలాబాదు సీమలోని ఉట్నూరు మూడు బాటలు కూడు చోటు. వాయవ్యమున ఇంద్రవెల్లి మీదుగా గుడిహత్నూరునకు పోయి నాగపూరు రహదారిలో కలియునది ఒకటి. ఆగ్నేయమున టేకు అడవిని చీల్చుకొని జన్నారమునకు, అటుపై గోదావరి లోయకు దిగునది ఒకటి. తూర్పున జైనూరు, కెరమెరి మీదుగా ఘాటు దిగి ఆసిఫాబాదునకు చేరునది మరియొకటి. ఈ మూడింటి నడుమ, గోండు గూడెములను, కోలాము పల్లెలను ఒకదానితో నొకటి కలుపుచు, కొన్నిచోట్ల తారు పూసుకొని, కొన్నిచోట్ల మొరము పరచుకొని, కొన్నిచోట్ల బండిచక్రముల గాడులే తామైన సన్నని బాటలు అల్లుకొని యున్నవి. గడియ సేపటికి ఒక మోటారు వాహనమైన ఎదురుపడని ఈ బాటలపై సైకిలు తొక్కుచు పోవువానికి కలుగు సుఖము కేవలము మనస్సునకు సంబంధించినది కాదనియు, దానికి లెక్కకు వచ్చు భౌతిక కారణములు గలవనియు ఈ అధ్యాయమున చెప్పదలచితిని. సైకిలును గూర్చి వ్రాసినవారు చట్రమును, చైనును, టైర్లను వర్ణించి విరమింతురు. కాని ఆ యంత్రమున సగభాగము నేలపై పరచియున్నది. బాటను విడిచి సైకిలును తెలిసికొనుట సాధ్యము కాదు.

చదునైన నేలపై సైకిలు తొక్కువాడు సైతము నిజమునకు ఒక గుట్ట నెక్కుచునే యున్నాడు. ఆ గుట్ట కంటికి కానరాదు. కాలికి మాత్రమే తెలియును. టైరు నేలను తాకు చోట బరువు వలన నొక్కబడి చదునగును. చక్రము ముందుకు దొరలినంతనే ఆ భాగము మరల పూర్వపు రూపమునకు వచ్చును. నొక్కుటకు వ్యయమైన శక్తినంతయు రబ్బరు తిరిగి యీయదు. కొంత వేడియై పోవును. నేల మెత్తనిదైనచో అదియు నొక్కుకొని, తిరిగి లేవక, తన వాటా శక్తిని కూడ మ్రింగివేయును. ఈ నష్టమును శాస్త్రజ్ఞులు బరువులో నింత వంతు అని కొలుతురు. ఆ వంతు ఏటవాలును సూచించు సంఖ్యతో అక్షరాల సమానము. మన ఊళ్ళలో తిరుగు బరువైన సైకిలు మంచి తారు బాటపై పోవునపుడు ఈ వంతు వేయింటికి సుమారు 8. అనగా వేయి అడుగుల దూరమునకు 8 అడుగులు లేచు గుట్టను ఎక్కుటతో సమానము. వదులు మొరముపై అది వేయింటికి 20కి చేరును. వాన వెలిసిన నల్లరేగడిలోనో, వాగు ఒడ్డున ఇసుకలోనో 50 దాటును. అనగా ప్రతి 20 అడుగులకు ఒక అడుగు లేచు కొండదారి యగును. కనుచూపు మేర చదునుగా నున్న పత్తిచేల నడుమ రొప్పుచు సైకిలు దిగి నిలిచినవాడు బలహీనుడు కాడు. వాడు కొండ యెక్కి నిలిచినవాడు.

ఉట్నూరు పరిసరములలో ఈ అదృశ్య పర్వతము ఇంత తరచుగా ఎత్తు మార్చుకొనుటకు కారణము భూగర్భమున నున్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పడమటి దక్కనునందు నేల పగిలి వెలువడిన లావా పొరలు పొరలుగా పరచుకొని, చల్లారి, నల్లరాయిగా గట్టిపడెను. ఆ మహాశిలాస్తరణము యొక్క తూర్పు అంచులలో ఒకటి ఈ ఆదిలాబాదు ఎగువ భూమి. ఒక పొర గట్టిగా, దానిపై పొర మెత్తగా నుండుటచే, వానలు కోసిన కొలది ఈ నేల మెట్లు మెట్లుగా రూపొందినది. కావుననే ఇక్కడి బాట చాల దూరము చదునుగా సాగి, ఉన్నట్టుండి నిటారుగా లేచి, మరల చదునగును. నల్లరాయి శిథిలమై నల్లరేగడి యగును. ఆ మట్టిలోని బంకరేణువులు పలుచని పలకల దొంతరలు. పలకల నడుమ నీరు చొరబడగా ఉబ్బును, ఎండగా కుంచించి బీటలు వారును. వానాకాలమున ఇది టైరునకు అంటుకొని, మడ్‌గార్డులో ఇరుకుకొని, చక్రమును తిరుగనీయదు. అపుడు సైకిలును భుజమునకెత్తుకొని నడచుట తప్ప గత్యంతరము లేదు. అదే మట్టి మాఘమాసమునకు ఎండి, బండ్లు నలిపిన చోట, సిమెంటు వలె గట్టిపడును. ఒకే బాట ఆషాఢమున కొండ, మాఘమున మైదానము. విశేష మేమనగా, ఈ రేగడికి జన్మనిచ్చిన నల్లరాయియే బాటలు వేయుటకు మిక్కిలి యోగ్యమైన కంకర. రోగమును మందును ఒకే రాతిలో ఉంచినది ప్రకృతి.

చక్రము ఈ నేలపై సుఖముగా దొరలుటకు మానవునికి చాల కాలము పట్టినది. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రముల చెక్కబండిని చేసి, దానిపై కూర్చుండి కాళ్ళతో నేలను తన్నుచు పోయెను. 1860ల నాటికి ముందు చక్రమునకు పెడళ్ళు వచ్చినవి. 1869లో పారిస్ నుండి రువాన్ వరకు జరిగిన పందెమున గెలిచిన సైకిలు ఇరుసులో ఉక్కు గుండ్ల బేరింగులు ఉండెను. ఇంగ్లండునందు కవెంట్రీ నగరమున జేమ్స్ స్టార్లీ సన్నని పుల్లలను ఇరుసునకు ఏటవాలుగా బిగించి చక్రమును తేలిక పరచెను. మన చక్రములోని పుల్లలు బరువును క్రింది నుండి మోయు స్తంభములు కావు. అన్ని వైపులకు బిగించి లాగబడిన తంత్రులు. 1885లో ఆయన సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములు, వెనుక చక్రమును త్రిప్పు చైను గల సైకిలును నిర్మించెను. నేడు ఉట్నూరు అంగడికి వచ్చు సైకిలు దాని ముని మనుమడు. కాని వీటన్నిటిని మించిన ఉపకారము 1888లో బెల్ఫాస్టు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ చేసెను. గట్టి రబ్బరు చక్రము రాతిపైకి ఎక్కినపుడు సైకిలు, మనిషి, మూట అన్నియు కలసి పైకి లేవవలెను. ఆ లేపిన శక్తి మరల ముందుకు పోవుటకు ఉపయోగపడక కుదుపుగా నశించును. గాలి నింపిన టైరు రాతిని తనలోనికి మ్రింగి, ఇరుసును కదలనీయక, దాటిన పిదప మరల ఉబ్బును. అనగా డన్‌లప్ చేసినది బాటను సరిచేయుటయే. చక్రముతో పాటు దొరలు ఒక మెత్తని బాటను ఆయన దానికి చుట్టెను.

ఆ ఇంగ్లండు దేశపు పల్లెబాటలను ఇచట స్మరింపకుండ ఉండలేను. ఒక బండి పట్టునంత వెడల్పు, ఇరువైపుల ముళ్ళపొదల కంచెలు. కొన్నిచోట్ల శతాబ్దముల తరబడి చక్రములు నలుపగా, వాన కడుగగా, బాట చుట్టుప్రక్కల పొలముల కంటె నిలువెత్తు లోతునకు దిగిపోయి యుండును. 1878లో అచటి సైకిలు యాత్రికులు సంఘముగా నేర్పడిరి. 1886లో బాటల బాగు కొరకు మరియొక సంఘము స్థాపింపబడెను. మోటారుకారు రాకపూర్వమే మంచి బాటలు కావలెనని గొంతెత్తినవారు సైకిలువారు. ఆ బాటలు సిద్ధమైనంతనే వాటిని ఆక్రమించినవి కార్లు. మన గూడెముల బండిబాటలకును ఇంగ్లండు బాటలకును పుట్టుక ఒకటే. ఎడ్లడుగులును ఇనుప పట్టాలును కోసిన గాడులు, వాటిలో పారిన వాననీరు, వాటి అంచున మొలిచిన తుమ్మ, మోదుగ. పుష్యమాసమున గోండులలో మెస్రం వంశస్థులు గోదావరిలోని హస్తలమడుగు నుండి గంగాజలమును మోసికొని కేస్లాపూరు నాగోబా దేవుని సన్నిధికి కాలినడకన వచ్చునదియు, జాతరకు ఛకడా బండ్లు వరుస కట్టునదియు ఇట్టి త్రోవలనే. ఇంజనీరు గీచిన గీత కంటె ఎద్దు ఎన్నుకొన్న దారి సైకిలునకు అనుకూలమని నా దృఢ విశ్వాసము. ఏలయన ఎద్దును మనిషియు, అల్పశక్తి గల ప్రాణులు గనుక, ఎత్తును చుట్టి పోవుదురే కాని ఢీకొనరు.

శక్తి అల్పమని ఊరక అనలేదు. నిత్యము శ్రమ చేయు మనిషి గంటల తరబడి పెడలుపై చూపగల శక్తి 75 నుండి 100 వాట్లు. ఒక పాతకాలపు విద్యుద్దీపమునకు చాలునంత మాత్రమే. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు అనుకొందము. తారు బాటపై గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవునపుడు నేల చేయు నిరోధమును గాలి చేయు నిరోధమును ఇంచుమించు సమానములు. రెండింటికిని కలిపి 50 వాట్లకు కొంచెము పైబడిన శక్తి చాలును. అదే మనిషి 30 కిలోమీటర్ల వేగమును కోరినచో గాలి నిరోధము నాలుగింతలగును, దానిని నెట్టు శక్తి ఎనిమిదింతలగును, మొత్తము 260 వాట్లు కావలెను. వేగము రెండింతలు, వెల అయిదింతలు. పల్లెలో సైకిలు తొక్కువాడు ఎవ్వరు చెప్పకుండగనే 12 నుండి 15 కిలోమీటర్ల వేగమున కుదురుకొనుటకు సోమరితనము హేతువు కాదు. గాలికి సుంకము కట్టుట అప్పటి నుండియే భారమగుచున్నదని దేహము లెక్క కట్టినది.

ఈ నెమ్మది వేగముననే సైకిలు నడక కంటె ఎంత పొదుపైనదో కనవలెను. నడచునపుడు ప్రతి అడుగునకు దేహమును కొంత పైకెత్తి, మరల దించి, ముందుకు పడబోవుదానిని కాలితో ఆపి, మరల త్రోయుదుము. సైకిలుపై బరువును సీటు మోయును. తొడకండరములు మోయు పని విడిచి త్రిప్పు పని మాత్రమే చేయును. 60 కిలోల మనిషి ఒక కిలోమీటరు నడచుటకు 50 నుండి 60 కిలోకెలరీలు వ్యయము చేయును. సైకిలుపై 15 కిలోమీటర్ల వేగమున అందులో మూడవ వంతు చాలును. 60 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టె సుమారు 200 కిలోకెలరీల నిచ్చును. ఆ ఒక్క రొట్టె బలముతో నడచిన నాలుగు కిలోమీటర్లు, సైకిలెక్కిన పదికి మించి. ఆశ్రమ పాఠశాలకు పోవు బాలికకు, అంగడికి కూరగాయలు తెచ్చు రైతునకు, తునికాకు కట్టలు మోయు కూలికి సైకిలు చేసిన మేలు ఈ భాగహారములో నున్నది.

ఇక సైకిలు పడిపోక నిలుచుట ఎట్లు? తిరుగు చక్రము బొంగరము వలె తన అక్షమును విడువదు గనుక నిలుచునని చిరకాలము నమ్మిరి. 1970లో ఇంగ్లండునందు డేవిడ్ జోన్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ముందు చక్రము ప్రక్క మరియొక చక్రమును ఎదురు దిశలో త్రిప్పి ఆ ప్రభావమును రద్దుపరచి, ఆ సైకిలును సునాయాసముగా తొక్కెను. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు బొంగరపు ప్రభావము లేకుండగనే తనంత తానే నిలుచు ఒక చిన్న ద్విచక్రమును చేసి చూపిరి. మూల సూత్ర మొక్కటే: సైకిలు ఎటు వాలునో హ్యాండిల్ అటే తిరుగవలెను, అపుడు చక్రములు వచ్చి వాలిన బరువు క్రింద చేరును. గాడిలో పడిన చక్రము ఈ చిన్న తిరుగుడును చేయలేదు. కావుననే బండిగాడిలో సైకిలు పడవేయును. గూడెముల పిల్లలు రెండు గాడుల నడుమనున్న మిట్టపైనే తొక్కుట నేను చూచినాను.

జైనూరు దాటిన పిదప కెరమెరి ఘాటు వచ్చును. ఇచట కనబడని గుట్ట విడిచి కనబడు గుట్టతో పని. మన నల్ల సైకిలుకు సాధారణముగా ముందు పళ్ళచక్రమున 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిరుగగా సైకిలు సుమారు 18 అడుగులు పోవును, పాదము తిరుగు దూరము మూడున్నర అడుగులే. దూరమున లభించిన అయిదింతల లాభమునకు బలమున అయిదింతలు చెల్లింపవలెను. 20 అడుగులకు ఒక అడుగు లేచు బాటపై చక్రమునకు కావలసినది సుమారు 5 కిలోల త్రోపు. పెడలుపై అది సగటున 25 కిలోలగును. కాలు పైనను క్రిందను ఉన్నపుడు త్రోయలేదు గనుక, త్రోయగల క్షణమున 50 కిలోలు నొక్కవలెను. అంతకు చాల మించిన ఏటవాలులో మనిషి తన పూర్తి బరువుతో పెడలుపై నిలిచినను చాలదు. ఆ చోట దిగి నడిపించుకొనుట యంత్రధర్మమే. గేర్లున్న సైకిలులో ముందు 22, వెనుక 34 పళ్ళపైకి చైనును మార్చినచో నొక్కుడు నాలుగవ వంతునకు తగ్గును; శ్రమ మొత్తము మాత్రము తగ్గదు, అది ఎక్కువ చుట్లకు పంచబడును. ఘాటు దిగునపుడు లెక్క తిరుగబడును. 100 మీటర్ల ఎత్తు దిగినపుడు 80 కిలోల బరువు విడిచిపెట్టు శక్తి పావు లీటరు నీటిని 25 డిగ్రీల నుండి మరుగునంత వరకు కాచుటకు సరిపోవును. వేగము పెరుగనీయక దిగువానికి, గాలి హరించినది పోగా, ఆ వేడిలో అధికభాగము బ్రేకు రబ్బరులందు, చక్రపు అంచునందు పుట్టును. మలుపునకు ముందు నొక్కి, తిన్నని చోట విడిచి, వాటికి గాలి తగులనిచ్చుట మేలు.

చలికాలపు వేకువన ఈ బాటలు మరియొక పాఠము చెప్పును. పుష్యమాసపు రాత్రులలో ఈ ఎగువ భూమిపై ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట సామాన్యము. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేల తన వేడిని పైకి విడిచి చల్లబడును. దానిని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట నీటి వలె పారి వాగులలో నిలుచును. మిట్టపై వెచ్చగా తొక్కుచు వచ్చినవానికి కల్వర్టు వద్దకు దిగినంతనే చేతివ్రేళ్ళు కొయ్యబారును. ఎదుటి గట్టు ఎక్కగనే మరల వెచ్చదనము తగులును. వాహనపు అద్దముల వెనుక కూర్చున్నవారికి ఈ గాలివాగు ఉన్నదని తెలియనే తెలియదు. గ్రీష్మమున విషయము వేరు. కండరము చేయు పనికి మూడింతల వేడి దేహమున పుట్టును. చదునుపై 15 కిలోమీటర్ల వేగమే వీచోపు విసరి చెమటను ఆర్చును. ఘాటుపై వేగము 7 కిలోమీటర్లకు పడిపోగా, శ్రమ రెండింతలై, గాలి సగమై, చెమట ఆరక కారును. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరినపుడు అది చర్మము కంటె వేడిది గనుక, వీచుగాలియే దేహమునకు వేడిని మోసికొని వచ్చును; చెమట యొక్కటే దిక్కు. టేకు ఆ కాలమునకు ఆకు రాల్చి నిలుచుటచే నీడనీయదు. బాట అంచున ఒక ఇప్ప, ఒక మర్రి, ఒక చింత ఉన్న చోటు ప్రాణాధారము.

బాట బాగుపడుట ఎల్లరకు మేలు చేయునని తలంపరాదు. నిజాము పాలనపై తిరుగబడిన గోండు వీరుడు కొమురం భీము నేలకొరిగిన 1940వ సంవత్సరము తరువాత నిజాము ప్రభుత్వము పక్షమున ఈ సీమకు వచ్చి, మార్లవాయిలో గోండుల నడుమ నివసించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్, బాటలు పడిన కొలది వెలుపలి రైతులు, వ్యాపారులు వచ్చి చేరుటయు, గోండుల భూములు చేజారుటయు తాను చూచిన దానిని 1982లో ప్రచురించిన గ్రంథమున ఆవేదనతో వ్రాసెను. ఆయన సతీమణి బెట్టీ సమాధి నేటికిని మార్లవాయిలో నున్నది. తారు నిరోధమును తగ్గించును. కాని ఎవరి నిరోధమును తగ్గించెనన్నది అడుగవలసిన ప్రశ్న. ఒక గోండు రైతు సైకిలునకు కలిగిన సౌలభ్యము వడ్డీవ్యాపారి లారీకి ఎన్నో ఇంతలుగా కలిగినది.

ఈ కారణముననే నిశ్శబ్దమును కూడ కొలువవలెనని నా వాదము. దాని కొలత క్షణములు. 100 మీటర్ల వెనుకనున్న మలుపు నుండి వెలువడిన లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చుచుండగా, 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలును 8 సెకండ్లలో చేరును. అదే బండి 30 కిలోమీటర్ల వేగమున వచ్చినచో 24 సెకండ్లు పట్టును. 8 సెకండ్లలో పాఠశాలకు పోవు బాలిక చప్పుడు విని, వెనుదిరిగి చూచి, అంచునకు తప్పుకొనవలెను. 24 సెకండ్లలో పాట ఆపనక్కరలేదు. ఇంగ్లండులో 2006లో వెలువడిన నిబంధనల ననుసరించి స్థానిక సంస్థలు కొన్ని పల్లెబాటలను నిశ్శబ్ద మార్గములుగా ప్రకటించి, నడకకు, సైకిలునకు, గుఱ్ఱమునకు మోటారుతో సమానమైన స్థానమును గుర్తింపగలవు. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవిని ఆనుకొనియున్న మన బాటలకు అట్టి గుర్తింపు మరింత తగును.

సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము ఉట్నూరులోనే యున్నది; గూడెములకు బాట వేయవలెనను అర్జీ ఆ గడపకు ఎల్లప్పుడును చేరుచునే యుండును. బాట వేయవలసినదే. వేయునపుడు తారు అంచు నాలుగు వ్రేళ్ళ ఎత్తున మెట్టు వలె తెగిపోయినచో, లారీకి తప్పుకొన్న సైకిలు ఆ మెట్టు దిగి మరల ఎక్కలేక ఒరిగి పడును. హ్యాండిల్ తిరుగుటకు వీలులేని బండిగాడి వంటిదే అదియు. తారుతో సమానముగా మూడడుగుల వెడల్పున మొరము పరచి, నీరు చల్లి, రోలరు నడిపినచో, వేయింటికి 20గా నున్న దాని నిరోధము 12కు దిగును. ఆ అంచుపై పుస్తకముల సంచి తగిలించుకొన్న బాలిక గంటకు 12 కిలోమీటర్ల వేగమున, 50 వాట్లకు లోపుగనే, తారును తాకకుండ పాఠశాలకు పోగలదు.